ఏడో చుక్క

గోకకూడదట. చెప్పినంత తేలికేం కాదది. ఎడమ ముంజేతి మీద మోచేతి మడత నుంచి మణికట్టు దాకా నీలం సిరాతో రెండు వరసల్లో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో మందు చుక్క పెట్టి, ఆ చుక్కలోంచి సన్నటి సూదితో చురుక్కుమనిపించి, పన్నెండూ అయ్యాక నర్సు గోడ గడియారం చూపించింది. "ఇరవై నిమిషాలమ్మా. తుడవద్దు, గోకద్దు, చెయ్యి ఊపద్దు. మీకు ఏది పడదో అది దోమ కుట్టినట్టు ఉబ్బుతుంది, మిగతావి ఊరుకుంటాయి" అని చేతికింద చిన్న దిండు సర్ది వెళ్లిపోయింది. సూదిపోటుకు దర్జీ జడుస్తుందా? ముప్ఫై అయిదేళ్లుగా ఆమె వేళ్లు తిన్నన్ని పోట్లు ఈ ఆసుపత్రి మొత్తం తిని ఉండదు. పోట్లతో కాదు బాధ, ఏడోదానితో. నర్సు చుక్కలు పెడుతూ ఒక్కోదాని పేరూ చదివింది. ఒకటి అందరికీ ఉబ్బేదేనట, ఒళ్లు మందుకు పలుకుతోందో లేదో చూసుకోవడానికి. రెండు పరుపుల్లో ఉండే దుమ్ముపురుగు, మూడు గడ్డి పుప్పొడి, నాలుగు చెమ్మ గోడలకు పట్టే బూజు, ఐదు పిల్లి, ఆరు కుక్క, ఏడు పక్షి ఈకలు. అక్కడితో ఆమె చెవులు మూసుకుపోయాయి. ఎనిమిది నుంచి పదకొండు దాకా ఏమేం చదివిందో దేవుడికెరుక, పన్నెండు మాత్రం ఉత్త ఉప్పునీళ్లని వినబడింది. ఏడు ఉబ్బాలి. ఉబ్బితే తను అన్న మాట నిజం, చేసిన పని న్యాయం. ఉబ్బకపోతే ఏడాదిన్నర కింద అక్కను, అమ్మ పోయాక అమ్మంతటి అక్కను, ఉత్తపుణ్యానికి ఇంట్లోంచి పంపేసినట్టు. అంతే సంగతి, ఇందులో ఇంకో మాట లేదు.

రెండు నిమిషాలు. రెండే. గడియారం ఆగిందేమోనని చూస్తే లేదు, సెకన్ల ముల్లు బుద్ధిగా తిరుగుతూనే ఉంది. గదికి కొత్తగా వేసిన రంగు వాసన, అది పోవాలని కాబోలు కిటికీ బార్లా తెరిచిపెట్టారు, తెర ఊగుతోంది, ఊగినప్పుడల్లా ఆమె కళ్లు దాని అంచు మీదికే పోతున్నాయి, కుట్టు వంకర, దారం రంగు కలవలేదు, ఎవడు కుట్టాడో. ఎదుటి కుర్చీలో ఎవరో బేకరీ ఆయన, చేతి మీద అవే అంకెలు. పక్కన భార్య ఆయన కుడిచేతిని తన రెండు చేతుల మధ్యా బిగించి పట్టుకుని కూర్చుంది. "వదిలితే గోకేస్తాడండీ, ఈయన సంగతి నాకు తెలీదూ" అంది, ఎవరూ అడక్కపోయినా. ఆయన నవ్వాడు. "ముప్ఫై ఏళ్లు పిండిలో పొర్లానమ్మా. తుమ్మితే జలుబనుకున్నా. కొట్టు మూసిన రోజు తుమ్ములుండేవి కావు. జలుబుకి కూడా ఆ రోజు సెలవేమో అనుకున్నా." తనకూ నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది, దగ్గు ఆగడానికి అర నిమిషం పట్టింది. "మీ తరఫున ఎవరూ రాలేదా అండీ?" అని అడిగింది ఆయన భార్య, జాలిగానే. "చిన్న పనేగా" అంది ఆమె. అనేసి, కుడిచెయ్యి తీసి తొడకింద పెట్టుకుని దాని మీద తనే కూర్చుంది. పట్టుకోవడానికి ఎవరూ లేనివాళ్లు ఇలాగే కదా చేసుకోవాలి.

నాలుగు నిమిషాలు. ఒకటో చుక్క అప్పుడే దురద మొదలుపెట్టింది, అది అందరికీనట, దాన్ని లెక్కచెయ్యనక్కర్లేదు. లోపల మాత్రం రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి, సన్నగా, ఎక్కడో తలుపు మూలిగినట్టు. తుమ్ముల మాత్రలు వారం ముందే మానమన్నారు, పరీక్షకి అడ్డట. పీల్చే మందు మాత్రం మానొద్దన్నారు. వారమంతా ముక్కు కుళాయి, కళ్లు ఎర్రగా మిరపపళ్లు, కుట్టుమిషను మీద తుమ్మితే సూది కింద బట్ట పక్కకు జరిగి ఎవరిదో కోటు చెయ్యి వంకర పోయింది. ఊపిరి నెమ్మదిగా తీసుకోవాలి. ముక్కుతో రెండు లెక్కపెట్టే దాకా పీల్చి, ఈల వేసేవాళ్లలా పెదాలు ముడిచి నాలుగు లెక్కపెట్టే దాకా వదలాలి. ఈ విద్య డాక్టర్లు చెప్పకముందే అక్కకు తెలుసు, ఎలా తెలుసో, ఎవరు చెప్పారో, అమ్మే చెప్పిందో. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద ఇద్దరూ పడుకునేవాళ్లు, తన రొమ్ములో కూతలు మొదలవగానే అక్క లేచి కూర్చుని, వెనక దిండు ఎత్తుగా పెట్టి, "ఏయ్ పిల్లీ, లే, ఒకటి, రెండు, ఇప్పుడు వదులు, ఒకటి, రెండు, మూడు, నాలుగు" అనేది. ఆ కూతల్ని పట్టే పిల్లి అని పేరు పెట్టింది, పెద్దయినా మానలేదు, కస్టమర్ల ముందు కూడా పిల్లీ అనే పిలిచేది, సిగ్గేసేది. ఇప్పుడు తనే లెక్కపెట్టుకుంటోంది, ఒకటి, రెండు. మూడు దగ్గరికొచ్చేసరికి లెక్క మీద ధ్యాస పెడితే ఊపిరి తప్పుతుంది, ఊపిరి మీద పెడితే లెక్క తప్పుతుంది. ఏడాదిన్నరగా ఇదే వరస. లెక్క ఒకళ్లు పెట్టాలి, ఊపిరి ఒకళ్లు తియ్యాలి, రెండూ ఒక్క మనిషివల్ల ఎక్కడవుతాయి!

ఏడో చుక్క చూసింది. ఏమీ లేదు. మందు చుక్క నిగనిగలాడుతూ కూర్చుంది. తొందరేముంది, ఇంకా పధ్నాలుగు నిమిషాలుంది, కొన్ని ఆలస్యంగా లేస్తాయేమో. పిట్టలు కాకపోతే మరేమిటి? ఇంట్లో ఉన్నవేమిటి, కోట్లు, చొక్కాలు, స్కూలు పిల్లల యూనిఫారాలు, దారపు కండెలు, ఒక కుట్టుమిషను, ఒక ఆవిరి ఇస్త్రీ పెట్టె, ఒక అక్క, రెండు పిట్టలు. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసింది ముప్ఫై ఏళ్లు, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఈ ఊరి వాళ్లను ఆ ఊరి వాళ్లతో కలుపుతూ. గొంతు వింటే మనిషి ఏడ్చి మాట్లాడుతోందో నవ్వి మాట్లాడుతోందో చెప్పేసేది. ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్న రెండో నెలలో పంజరం పట్టుకొచ్చింది, అందులో రెండు పిట్టలు, పచ్చదొకటి, పసుపుదొకటి. "ఇదేంటక్కా?" అంటే, "ఇన్నేళ్లూ గొంతుల మధ్య బతికానే. ఈ ఇంట్లో ఒక్క గొంతూ లేకపోతే నా చెవులు దిబ్బెళ్లు పడుతున్నాయి" అంది. గొంతు లేకపోవడమేమిటి, నేను లేనా అని అడగబోయింది, అడగలేకపోయింది, నోటినిండా గుండుసూదులు. పొద్దున మిషను ముందు కూర్చుంటే దీపాలు పెట్టేవేళ దాకా పెదాల మధ్య అయిదారు గుండుసూదులు ఉండాల్సిందే, అక్క ఏదడిగినా ఊఁ, ఊఁహూఁ, అంతే జవాబు. ఇంత పెద్ద మనిషి పిట్టలతో మాట్లాడుకోవాల్సి వచ్చింది ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడే తెలిసుంటే సూదులు తీసి బల్లమీద పెట్టి ఉండేది కదా.

ఎనిమిది. తొమ్మిది. "వద్దన్నానా!" అని బేకరీ ఆయన భార్య ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది. నిరుడు కాదు అంతకుముందు ఏడాది, గాలి మారే రోజుల్లో, తనకు ఆయాసం విపరీతమైంది. మెట్లెక్కితే ఆగాలి, మాట మధ్యలో ఆగాలి. ఆ రోజు ఒకావిడ ఖరీదైన కోటు వెనక్కి తెచ్చి కాలరు మీంచి పచ్చటి ఈక ఒకటి రెండు వేళ్లతో తీసి బల్లమీద పెట్టింది. ఆవిడ వెళ్లాక తను ఊపిరందక గోడ పట్టుకుని, "ఈ ఈకలే నా ప్రాణం తీస్తున్నాయి. పిట్టలో నేనో తేల్చుకో" అంది. డాక్టరు చెప్పాడా, పరీక్ష చేయించుకుందా, ఏం లేదు, నోటికొచ్చింది. మర్నాడు పొద్దున అక్క పంజరానికి గుడ్డతొడుగు వేసి, ఆ తొడుగు కుట్టింది ఈ చేతులే, పెట్టె సర్దుకుని, పక్క ఊళ్లో ఉండే, ఎక్స్ఛేంజిలో తనతో పనిచేసినావిడ ఇంటి మేడమీద గదికి వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర ఒక్క మాటంది. "కిటికీ మాత్రం మూసుకోకు." పనిగది కిటికీ గొళ్లెం మొండిది, చట్రాన్ని కాస్త ఎత్తి భుజంతో నెడితేగాని రాదు, ఆ కిటుకు అక్కకే తెలుసు, రోజూ పొద్దున్నే అదే పని, భుజంతో ఒక్క నెట్టు, గదినిండా వెలుతురు. అక్క వెళ్లిన రోజే తను ఆ కిటికీ బిగించి నాలుగు వైపులా గుడ్డ టేపు అంటించింది. బయటి పావురాల నూగు కూడా లోపలికి రాకూడదని చెప్పుకుంది. అది అబద్ధం, కోపంతో అంటించింది.

మొదటి ఆదివారం అక్క ఫోను చేసింది. "ఎలా ఉన్నావే?" అంటే, "హాయిగా ఉన్నా, ఒక్క తుమ్ము లేదు" అంది. ఎందుకంది? తుమ్ములకు లోటేముంది, ఆ పొద్దునే పదిహేను తుమ్మింది. కానీ తగ్గలేదంటే తప్పయిపోయిందని ఒప్పుకున్నట్టే కదా, ఇంకొక్క వారం చూద్దాం, అప్పటికి తగ్గుతుంది, తగ్గితే అబద్ధం దానంతటదే నిజమవుతుంది అనుకుంది. తగ్గలేదు, పెరిగింది. రెండో వారం నుంచి ఫోను మోగే వేళకు ముందే పీల్చే మందు రెండు సార్లు పీల్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, మాట్లాడేది రెండే నిమిషాలని గడియారం చూసుకునేది. మూడో నిమిషంలో కూతలు బయటికొస్తాయి. అందుకని రెండు నిమిషాలు కాగానే, కస్టమరొచ్చిందక్కా, పాలు పొంగుతున్నాయక్కా, ఉంటానక్కా. అక్క ఏదో చెప్పబోయేది, గొంతు సవరించుకునేది, ఆ సవరింపు సగంలో ఉండగా తను పెట్టేసేది. "సరే, ఉంటా" అనేది అక్క, ఎప్పుడూ అదే, పిల్లీ అనడం మానేసింది. పిట్టలెలా ఉన్నాయని తనూ ఒక్కసారీ అడగలేదు. అడిగితే సొమ్మేం పోయేది?

పదకొండు. ఆవిరి గుర్తొచ్చింది, ఇక్కడెవరో పక్క గదిలో మూకుడు దించినట్టు చప్పుడైంది, అందుకేమో. ఎవరో చెప్పారు, ఆవిరి పడితే ముక్కు వదులుతుందని. నిజమే, వదిలేది. రోజుకు మూడు సార్లు, గిన్నెలో మరుగుతున్న నీళ్లు పోసి తలమీద తువ్వాలు కప్పుకుని, ఆ తువ్వాలు కింద ఒక్కతే, కాసేపు ప్రపంచమంతా వెచ్చగా తడిగా ఉండేది, ఏడ్చినా ఎవరికీ తెలిసేది కాదు, తనకే తెలిసేది కాదు. తువ్వాలు తీశాక అరగంట బాగుండేది, తర్వాత మళ్లీ మామూలే. పగలంతా ఇస్త్రీ పెట్టె ఆవిరి బుస్సుమంటూ, ఉతికిన అస్తర్లు గదిలోనే తాడు మీద ఆరుతూ, కిటికీకేమో టేపు. కత్తిరింపుల బల్ల వెనక గోడ మీద అరచేయంత మరక వచ్చింది, నల్లగా. తర్వాత పళ్లెమంత. తుడిస్తే పోయేది, నాలుగో నాటికి వచ్చేది. వచ్చిపోయే కస్టమర్ల ముందు పరువు తక్కువని మిగిలిన గళ్ల గుడ్డతో చక్కటి తెర కుట్టి, మడతలు పెట్టి, దాని మీద వేలాడదీసింది. ఎంత బాగుందో అని అందరూ మెచ్చుకున్నారు. దర్జీ బుద్ధి, ఏది బాగాలేకపోయినా దాని మీద ఒక గుడ్డ వేసెయ్యడమే.

అప్పుడు చూసింది. నాలుగో చుక్క లేచింది. లేవడమంటే మామూలుగా కాదు, అందరికీ ఉబ్బే ఒకటోదానికన్నా పెద్దగా, మధ్యలో తెల్లగా చుట్టూ ఎర్రగా, కోటు గుండీ అంత. దురద మోచేతి దాకా పాకుతోంది. నాలుగేమిటి? చెమ్మ గోడల బూజు. గళ్ల తెర కళ్లముందు ఊగింది. ఏడు? ఏడు అలాగే ఉంది, ఎలా పెట్టారో అలాగే, పన్నెండో ఉప్పునీళ్ల చుక్కకూ దానికీ తేడాయే లేదు. పదిహేను నిమిషాలైంది. లేవవే, లేవవే అనుకుంది, ముద్దు ముద్దుగా బతిమాలుకుంది, కొంచెం లేస్తే చాలు, సగం తప్పు పిట్టలదీ సగం తప్పు గోడదీ అని పంచుకోవచ్చు, అక్కతో చెప్పడానికి ఓ మాట ఉంటుంది. తొడకిందనుంచి కుడిచెయ్యి దానంతటదే వచ్చింది. గోకితే చర్మం కందుతుంది కదా, కందితే ఉబ్బుతుంది కదా, ఎవరికి తెలుస్తుంది? చూపుడువేలి గోరు ఏడో చుక్క పక్కన ఆనించి ఒకసారి, రెండుసార్లు, మూడోసారి గట్టిగా గీరింది. తలెత్తితే బేకరీ ఆయన భార్య చూస్తోంది. ఆవిడ కళ్లు తిప్పుకుని మొగుడి చెయ్యి ఇంకాస్త బిగించి పట్టుకుంది. యాభై మూడేళ్లొచ్చాయి, దొంగపని చేస్తూ దొరికిపోయింది. ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది.

డాక్టరమ్మ గాజులాంటి కొలబద్ద పెట్టి ఒక్కో ఉబ్బూ కొలుస్తూ వచ్చింది. నాలుగు దగ్గర ఆగి "అబ్బో" అంది. ఏడు దగ్గర ఇంకాసేపు ఆగింది. "ఇది గోకిన ఎరుపమ్మా, ఉబ్బు లేదు. మీకు పక్షులతో ఏ పేచీ లేదు, నిక్షేపంగా పెంచుకోవచ్చు" అంది. ఆ మాట అంత చల్లగా చెప్పవచ్చా ఎవరైనా! తర్వాత ఇంట్లో గోడ నల్లబడిందా అని అడిగింది. మరకుంది అంది తను. ఎంత? తెర కట్టానండి. కిటికీ? టేపు వేశానండి. ఆవిరి పడతారా? రోజుకి మూడుసార్లండి, ఇస్త్రీ కూడా అక్కడేనండి. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "ఆవిరి మీ ముక్కుకి ఏం చేసిందో గానీ, ఆ గోడకి మాత్రం మహా మేలు చేశారు" అని నవ్వి, తను నవ్వకపోయేసరికి ఆపేసి, మెల్లగా చెప్పుకొచ్చింది. కిటికీ తెరవాలట, రోజూ. గోడలోకి నీరు ఎక్కణ్నుంచి దిగుతోందో చూపించి బాగుచేయించాలి, ఆ నలుపు మీరు గీకొద్దు, వేరేవాళ్లతో గీకించండి, అప్పుడు ఆ గదిలో ఉండొద్దు. తడిబట్టలు గదిలో ఆరెయ్యొద్దు. పక్కబట్టలు వేడినీళ్లతో ఉతకండి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవచ్చు, ఆవిరికన్నా అది నయం. "ఇవన్నీ మందుకు తోడు, మందుకు బదులు కాదు. పీల్చే మందు మానారో, ఊరుకోను" అంది. ఆమె అన్నిటికీ తలూపింది, నోట్లో సూదులున్నట్టే.

నడవా చివర బెంచీ ఉంది, అక్కడా కిటికీ తెరిచే ఉంది. ఫోను తీసింది. ఇవాళ ఆదివారం కాదు. మందు పీల్చలేదు, నిటారుగా కూర్చోలేదు, గడియారం చూడలేదు. రెండో మోతకే అక్క ఎత్తింది.

"ఏమైందే? ఇవాళెందుకు చేశావు?"

"ఏడు ఉబ్బలేదక్కా."

"ఏ ఏడు?"

చెప్పింది, ముక్కలు ముక్కలుగా, చుక్కలు, అంకెలు, గోడ, తెర, టేపు. ఒక్క తుమ్ము లేదన్న మాట అబద్ధమని, మొదటి ఆదివారం నుంచీ అబద్ధమేనని కూడా చెప్పింది. అవతల, అక్క వెనక, పిట్ట ఒకటి కీచుమంది.

"తెలుసు" అంది అక్క.

"ఏం తెలుసు?"

"పిట్టలు కాదని. ముప్ఫై ఏళ్లు ఆ తీగల్లో మనుషుల ఊపిరి విన్నదాన్ని, నీ కూతలు నాకు వినబడవా? మొదటి ఫోనులోనే వినబడ్డాయి."

"మరి అనలేదేం?"

"ఏమనను? ఇంట్లోంచి వెళ్లింది పిట్టలూ నేనూ. ఆయాసం తగ్గలేదు, అయినా వారం వారం హాయిగా ఉన్నానంటావు. రెండు నిమిషాలు కాగానే పెట్టేస్తావు. అంటే నువ్వు వదిలించుకోవాలనుకుంది పిట్టల్ని కాదేమో అనుకున్నా."

కాదక్కా అనాలి. రెండు మాటలు, ఎంత పని? ఊపిరి రాలేదు. మూడో నిమిషం ఎప్పుడో దాటిపోయింది, కూతలు గొంతు దాకా వచ్చేశాయి, ఎప్పటిలా చేత్తో ఫోను మూసెయ్యబోయి, మూయకుండా అలాగే పట్టుకుంది, వినబడితే వినబడనీ అనుకుంది. "ఆ కిటికీ" అంది, ఆగింది. "ఆ గొళ్లెం నాకు... రాదక్కా. ఎత్తి... నెట్టాలంటావే. నువ్వొచ్చి తియ్యి." ఇంకాస్త ఊపిరి కూడగట్టుకుని, ఏడాదిన్నరగా అడగనిది అడిగింది. "పిట్టలెలా ఉన్నాయి? వాటినీ... తీసుకురా."

అక్క ఊఁ అనలేదు, ఊఁహూఁ అనలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినబడింది.

"ఏయ్ పిల్లీ" అంది చివరికి. "నోరు మూసి ముందు ఊపిరి తీసుకో. నేను లెక్కపెడతా. ఒకటి, రెండు. వదులు. ఒకటి, రెండు, మూడు, నాలుగు."

ఆమె కళ్లు మూసుకుని, లెక్క అక్కకు వదిలేసి, ఊపిరి తీసుకుంది.